చీమ ముందా, చేప ముందా?

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఓ ఎర్ర సిరా గీత. మా పైవాటా చిట్టి నోటుబుక్కులో పడిందది. చిట్టి మీకు తెలిసినదే. సంక్రాంతి బొమ్మల కొలువులో దశావతారాల పక్కన డైనోసార్‌ని నిలబెట్టి, "ఇది వీళ్లందరికంటే ముందు" అని తేల్చేసిన పిల్ల. ఇప్పుడు ఒకటో తరగతి. బళ్లో ఏడు చేపల కథ చెప్పి, ఎనిమిది బొమ్మలున్న కాగితం చేతికిచ్చి, కత్తిరించి వరుసగా అంటించుకు రమ్మన్నారట.

చిట్టి చీమతో మొదలుపెట్టింది. తర్వాత ఏడుస్తున్న పసిపాప, పాపని ఎత్తుకున్న అమ్మ, అన్నం లేక కూర్చున్న పశువుల కాపరి, గుంజకి కట్టేసి ఉన్న ఆవు, తరగని గడ్డిమేటు, చిట్టచివర ఎండని చేప. రాజు కొడుకులు చేపలు పట్టే బొమ్మ మాత్రం వరుసలో లేదు. పైన ఖాళీలో విడిగా అంటించి ఉంది. పేజీ మొత్తానికి ఒకటే కొట్టివేత, కింద 'వరుస తప్పు' అని.

"చీమని ముందెందుకు పెట్టావే?" అన్నాను.

"చీమ కుట్టకపోతే పాప ఏడవదు కదా మామ్మా."

"మరి రాజు కొడుకులు?"

"వాళ్లు అప్పుడు చెరువు దగ్గరున్నారు. వాళ్లకి చీమ సంగతి తెలీదు."

మనందరం ఈ కథ చంకలో ఉన్నప్పుడే విన్నాం. ఎన్నిసార్లు చెప్పినా, ఇది తోక నుంచి తలకి నడిచే కథ అని మనకి తోచదు. ఎందుకు ఎండలేదని చేపని అడిగిన దగ్గర్నుంచి ప్రతి ప్రశ్నా మనల్ని కాలంలో ఒక అడుగు వెనక్కి తీసుకెళ్తుంది. ముందు శవం, ఆఖర్న హంతకుడు దొరికే డిటెక్టివ్ నవల నడక దీనిది. చెప్పే వరుస ఒకటి, జరిగిన వరుస ఇంకొకటి. టీచరమ్మ మొదటిది అడిగింది, పిల్ల రెండోది పెట్టింది. రాజు కొడుకుల్ని పక్కన పెట్టడం మరీ ముచ్చటేసింది. ఒకే వేళ రెండు చోట్ల రెండు పనులు జరుగుతున్నాయని, అవి చేప దగ్గర కలుస్తాయని ఆరేళ్ల పిల్ల జిగురుతో చెప్పింది.

కథ అవగానే నీతి ఏమిటని అడిగేవాళ్ల మీదా, బొమ్మల పుస్తకాలకి అద్దాల బీరువాలో తాళం వేసే హెడ్మాస్టర్ల మీదా ఈ కాలమ్ ఎన్ని వారాలు తగలేసిందో మీకు తెలుసు. ఆ జాబితాలో కత్తెరని కూడా చేర్చి, నిండు కథని ముక్కలు చెయ్యొద్దని రాసేద్దామని కూర్చున్నాను. కూర్చుంటే తెనాలి గుర్తొచ్చింది.

మా పెద్దమ్మగారిది తెనాలి. 'చందమామ' చక్రపాణి మా ఊరివాడే, కొడవటిగంటీ మా ఊరివాడే అని పెదనాన్న వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. 1947 జూలైలో పుట్టిన పత్రిక ఆయన లెక్కలో ఇంటిబిడ్డ. సంచికల్ని ఇరుగుపొరుగుకి అరువిచ్చి, అవి తిరిగొచ్చిన క్రమంలోనే బైండింగుకి పంపేవాడు. బైండరు అట్టలూ ప్రకటనలూ పీకేసి, చేతికందినట్టు కుట్టేసేవాడు. దాంతో అక్టోబరు తర్వాత మార్చి, మార్చి తర్వాత ఇంకెప్పటి ఆగస్టో. నెలల పేర్లేమో పీకేసిన అట్టలతోటే పోయాయి.

వేసవి సెలవుల్లో చదువు రానివాళ్లం, కూడబలుక్కునేవాళ్లం కలిసి ఆ బైండు మీద పడేవాళ్లం. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లకి 'చిత్రా' గీసిన బొమ్మలే మాకు ఆధారం. ఒక బొమ్మలో ఒకడికి తలపాగా ఉంటుంది. ఇంకో చోట వాడికే ఉండదు. అప్పటికే పోయిందా, ఇంకా పెట్టుకోలేదా? పడవ మునిగినప్పుడు పోయుంటుందనేవాడు మా అన్నయ్య. "పడవెక్కేటప్పుడే లేదు, చూడు" అని మా పిన్ని కూతురు పేజీ వెనక్కి తిప్పి, వేలు పెట్టి చూపించేది. అయితే పడవకి ముందు ఇంకేదో జరిగుండాలి. ఆ ఇంకేదో కోసం బైండంతా గాలించేవాళ్లం. చదువొచ్చిన పెద్దవాళ్లు మధ్యలో దూరి అసలు సంగతి చెప్పేస్తే మాకు ఏడుపొచ్చేది.

బేతాళ కథలతో ఈ గొడవ లేదు. శంకర్ గీసిన విక్రమార్కుడు భుజాన శవంతో, చేతిలో కత్తితో నడుస్తున్నాడంటే కథ మొదలైందని లెక్క. శవంతో సహా బేతాళుడు మళ్లీ చెట్టెక్కాడంటే అయిపోయిందని. మొదలూ చివరా మాకు అక్షరాలకంటే ముందే వచ్చాయి.

ఇక ఫోటో వ్యాఖ్యల పోటీ పెద్దమ్మ సొత్తు. రెండు ఫోటోలు వేసేవారు, రెండింటికీ జతపడే వ్యాఖ్యలు పాఠకులు రాసి పంపేవారు. ఓసారి ఆవలిస్తున్న పసివాడి ఫోటోనీ, తాళం వేసిన కొట్టు ఫోటోనీ పక్కపక్కన పెట్టి పెద్దమ్మ రుబ్బురోలు దగ్గర్నుంచే అంది: "ఇంకా ముయ్యలేదు, ఇంకా తెరవలేదు." ఎప్పుడూ పోస్టు చేసిన పాపాన పోలేదు గానీ, సంబంధం లేని రెండు బొమ్మల మధ్య సంబంధం పుట్టించడం మాకు నేర్పింది ఆవిడే.

ఆ తగువుల్లో మేం పోగుచేసుకున్న మాటలు క్లాసు గోడల మీది చార్టుల్లో దొరకవు. అప్పటికే, అంతలో, ఈలోగా, లేకపోతే. ఆపిల్‌నీ ఏనుగునీ గీసి చూపించొచ్చు. 'ఈలోగా'ని గీయాలంటే కనీసం రెండు బొమ్మలు కావాలి. ప్యాట్ హచిన్స్ 1968లో బొమ్మలు గీసి రాసిన 'రోజీస్ వాక్' చూడండి. మొత్తం 32 ఇంగ్లిషు మాటలు, ఒకే వాక్యం. ఓ కోడిపెట్ట కుంట చుట్టూ, గడ్డివాము మీదుగా, తేనెటీగల పెట్టెల కింద నుంచి షికారు చేసి గూటికి చేరుతుంది. వెనకాలే నక్క. నక్క గురించి రాతలో ఒక్క మాట లేదు. అది నీళ్లలో పడ్డా, గడ్డిలో కూరుకుపోయినా, తేనెటీగలు తరిమినా చూసే పిల్లలకే ఎరుక. ఆ నక్క కథ ఎవరో ఒకరికి చెప్పకుండా ఉండలేరు. చెప్పాలంటే చుట్టూ, మీదుగా, కింద నుంచి అన్న మాటలు లేనిదే పని జరగదు. మన చేపల కథలో 'అడ్డం' కూడా అంతే. గడ్డిమేటు నీడ చేప మీద పడ్డ బొమ్మ చూశాక ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు.

ఇంతదూరం వచ్చాక కత్తెర మీద కోపం నిలవలేదు. తెనాలి బైండరు శ్రద్ధగలవాడై నెలల వరుసలో కుట్టి ఉంటే, ఎవరైనా చదివి పెడతారేమోనని చేతులు కట్టుకు కూర్చునేవాళ్లం. చిట్టి కూడా కథ విన్నంతసేపూ చేప నుంచి చీమకే నడిచింది. ముక్కలు చేతికొచ్చాకే వెనక్కి తిరిగింది. ముక్కలు చెయ్యడంలో తప్పు లేదు. ఆ ముక్కలకి ముందే ఒకటే జవాబు రాసిపెట్టుకోవడంలో ఉంది.

అలాగని ఎలా అంటిస్తే అలా చెల్లుతుందని కాదు. పాలు కాచి, తోడుపెట్టి, చిలికితేనే వెన్న. ఆ బొమ్మలకి ఒకటే వరుస. ఆవు బాగుందని ఆవుని ముందు పెట్టిన పిల్లాణ్ణి మళ్లీ పుస్తకం దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. ఎవరిది ఏ బాపతో తెలియాలంటే, "ఇది ఇక్కడెందుకు పెట్టావు?" అని అడగాలి. కథ అయ్యాక ప్రశ్నలొద్దన్న నా పాత పాటకి ఈ ఒక్కటీ మినహాయింపు. కొట్టివేత పడ్డవాళ్లనే కాదు, టిక్కు పడ్డవాళ్లనీ అడగాలి. కథ పట్టుకుని అంటించినవాడికీ, పక్కవాడి పేజీ చూసి అంటించినవాడికీ టిక్కు ఒకేలా ఉంటుంది. అంతమందిని అడగడం కుదరదంటారా? రోజుకి నలుగురిని అడగండి.

సికింద్రాబాదు 'మంచి పుస్తకం' వాళ్లవీ, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవీ తెలుగు బొమ్మల పుస్తకాలు ప్లాస్టిక్ బొమ్మలకంటే చవగ్గా వస్తున్నాయి. ఈసారి రెండేసి కొనండి. ఒకటి ఒళ్లో పెట్టుకు చదవడానికి, ఒకటి కత్తిరించడానికి. కాలు తగిలితేనే కళ్లకద్దుకునే మనకి పుస్తకం మీద కత్తెర పెట్టడానికి చెయ్యి రాదు. నాకూ రావడం లేదు. అయినా కొనండి. ఒక్క దాంట్లో మాత్రం వరుస మార్చొద్దు: ముందు చదవడం, తర్వాతే కత్తెర.