మిషన్ చిన్నదైతే మరీ అవసరం

కొత్త ల్యాప్‌టాప్‌లో కంపెనీ వేసిచ్చిన లినక్స్‌ను తీసేసి ఇంకో లినక్స్ వేసుకోవడం చాలామందికి పనిలేని పనిగా తోస్తుంది. అందులోనూ మిషన్ చిన్నదైతే, ఈపాటి దానికి అంత శ్రమ దేనికంటారు. నేను సరిగ్గా తిరగేసి చెబుతాను: మిషన్ ఎంత చిన్నదైతే ఆ శ్రమ అంత అవసరం. పెద్ద కంప్యూటర్‌లో చోటు వృథా అయినా తెలియదు, చిన్నదాంట్లో ప్రతి మెగాబైటూ లెక్కే. 2007లో ఆసుస్ తెచ్చిన ‘ఈఈఈ పీసీ 701’నే చూడండి. ఏడంగుళాల తెర, 512 ఎంబీ ర్యామ్, హార్డ్ డిస్క్ బదులు 4 జీబీ ఫ్లాష్. దాంతో వచ్చిన జాండ్రోస్ కూడా డెబియన్ అనే లినక్స్ నుంచి పుట్టిందే. కంప్యూటర్ ముట్టనివాళ్లు కూడా బెదరకుండా పెద్ద పెద్ద ఐకాన్లతో తీర్చారు. ఆ పని మెచ్చుకోదగ్గదే.

చిక్కంతా లోపలుంది. డిస్క్‌ను భాగాలు చేసి, సగానికి మించిన మొదటి భాగంలో అసలు సిస్టమ్‌ను మార్చడానికి వీల్లేకుండా పెట్టారు. మనం చేసే మార్పులన్నీ రెండో భాగంలో పడతాయి. యూనియన్ఎఫ్ఎస్ అనే ఏర్పాటు ఒకదాని మీద ఒకటి పరిచి, రెండింటినీ ఒకటిగా చూపిస్తుంది. అక్కర్లేని ప్రోగ్రామ్‌ను తీసేస్తే కంటికి కనబడదు గానీ కింద అలాగే ఉంటుంది, చోటు ఏమాత్రం కలిసిరాదు. అప్‌డేట్ చేస్తే మరీ అన్యాయం: పాతది కింద, కొత్తది పైన. అంటే సెక్యూరిటీ అప్‌డేట్లు శ్రద్ధగా వేసుకునేవాళ్ల డిస్కే ముందు నిండుతుంది. ఈ ఏర్పాటుతో లాభం లేకపోలేదు. ఏదైనా చెడితే బూట్ అయ్యేటప్పుడు ఎఫ్9 నొక్కి మళ్లీ ఫ్యాక్టరీ సిస్టమ్ తెచ్చుకోవచ్చు. కానీ ఎప్పుడో వచ్చే ఆ ఒక్క రోజు కోసం రోజూ సగం డిస్క్ వదులుకోవాలా? ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి సొరుగులో ఉంటే ఆ భరోసా ఎలాగూ దొరుకుతుంది.

దాన్ని తీసేసి నేరుగా డెబియన్ వేసుకోవడం కష్టమన్న మాట మాత్రం నిజం. మిషన్‌కు సీడీ డ్రైవ్ లేదు కాబట్టి ఎస్కేప్ కీ నొక్కి పెన్‌డ్రైవ్ నుంచో ఎస్‌డీ కార్డు నుంచో బూట్ చేయాలి. అప్పటి మామూలు డెబియన్ కెర్నెల్‌లో దాని వైఫైకీ, కేబుల్ పోర్టుకీ డ్రైవర్లు లేవు. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఈ తిప్పలు చూసే డెబియన్ వాలంటీర్లు ఆ డ్రైవర్లు కలిపి ఈ మోడల్ కోసమే ఇన్‌స్టాలర్ తయారుచేశారు. తెర ఎత్తు 480 పిక్సెళ్లే కావడంతో కొన్ని విండోల్లో ‘ఓకే’ బటన్ కిందికి జారిపోతుంది. ఆల్ట్ పట్టుకుని మౌస్‌తో విండోను పైకి లాగాలి. ఫ్లాష్ అరిగిపోతుందని భయపడేవాళ్లు స్వాప్ పెట్టకుండా, ‘నోఎటైమ్’ ఆప్షన్‌తో మౌంట్ చేస్తే డిస్క్ మీద రాతలు బాగా తగ్గుతాయి. ఇవన్నీ ఒక్కసారి పడే కష్టాలు. ఆ మిషన్‌తో వచ్చిన జాండ్రోస్‌కు కొత్త ప్యాకేజీలు ఏనాడో ఆగిపోయాయి. డెబియన్ మాత్రం ఇలాంటి 32 బిట్ ప్రాసెసర్లకు 2023లో వచ్చిన 12వ వెర్షన్ దాకా ఇన్‌స్టాలర్ ఇస్తూనే వచ్చింది, 2025లో 13తోనే మానేసింది. అంత చిన్న ర్యామ్‌తో నేటి వెబ్‌సైట్లు తెరుచుకోవడం కష్టమే. తేలికపాటి డెస్క్‌టాప్ పెట్టుకుని, పోతన, వేమన ఫాంట్ల ప్యాకేజీ వేసుకుంటే తెలుగులో రాసుకోవడానికి మాత్రం ఆ మిషన్ చక్కగా సరిపోతుంది.