భుజం మీద వేలి గురి

చెయ్యెత్తి అటక మీది డబ్బా అందుకోవడం మనకు ఒక్క కదలిక. ఈఎంజీతో, అంటే కండరాల విద్యుత్తును పట్టే పరీక్షతో, కండరాల పనితీరు కొలిచే ఫిజియోథెరపిస్టుకు మాత్రం అది అరడజను కండరాలు వంతులు మార్చుకుంటూ చేసే పని. 1944లోనే అమెరికాలో ఇన్‌మన్, సాండర్స్, ఆబట్ భుజం కండరాల విద్యుత్తును ఇలా కొలిచి చూపించారు.

నాకు ముచ్చటేసేది ఫిజియోథెరపిస్టుల ఆ చేతిపనే. వెంట్రుకలు గీసి, స్పిరిట్ దూదితో చర్మం తుడుస్తారు. మెడ కింద పొడుచుకొచ్చిన వెన్నుపూసను వేలితో తడిమి పట్టుకుంటారు. అక్కడి నుంచి భుజం కొన ఎముక దాకా కొలిచి, సరిగ్గా నడిమధ్య, కండరం పోగుల వెంట, 2 సెంటీమీటర్ల ఎడంతో రెండు ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. ఎంత ఓపిక! తర్వాత "గట్టిగా ఎత్తండి, నేను ఆపుతాను" అంటూ నొక్కిపట్టి కండరం పూర్తి బలం రాబడతారు. మిగతా కదలికలన్నిటినీ దానితో పోల్చి శాతాల్లో చెబుతారు. ఆ ఒక్క మెట్టు దాటేస్తే ఇద్దరి అంకెలను పక్కపక్కన పెట్టలేం.

లోపల దాగిన సుప్రాస్పైనేటస్ కండరానికి పైన అంటించేవి చాలవు, సూదితో సన్నని తీగ దించాలి. తెర మీద ఎగిసే ఆ గీతంతా వోల్టులో వెయ్యో వంతుల లెక్కే. అందుకే కాస్త జిడ్డు కూడా అడ్డమే. మీకెప్పుడైనా డాక్టరు ఈ పరీక్ష రాసిస్తే, ఆ రోజు భుజాలకు నూనె రాసుకోకుండా వెళ్లండి.