అటక దిగిన వీణ

పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా కట్టాలనుకున్నప్పుడే అటక మీది సామాను కిందికి దిగుతుంది. పలాస, టెక్కలి, మందస, సోంపేట చుట్టుపక్కల ఇళ్లలో గంగాళాలు, ఇత్తడి బిందెలు, చిలుం పట్టిన దీపపు సెమ్మెలతో పాటు ఒక్కోసారి పాత చీరలో చుట్టిన వీణ కూడా బయటపడుతుంది. మామ్మ పెళ్లికి ముందు వాయించేదట. ఆమె తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. తీగలు తుప్పు పట్టి తెగిపోయి ఉంటాయి, మైనం బీటలు వారి మెట్లు సగం రాలిపోయి ఉంటాయి, సొరకాయ బుర్రకు ఎలుకో పురుగో కన్నం పెట్టి ఉంటుంది. అప్పుడు ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. వందేళ్ల నాటిది, లక్షలు పలుకుతుందని ఒకరంటారు. పొయ్యిలోకి కూడా పనికిరాదు, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని ఇంకొకరంటారు. ఇద్దరూ వీణను సరిగ్గా చూడకుండానే మాట్లాడుతుంటారు.

ఈ ఉత్తరాంధ్ర తీరంలో వీణ దొరకడం వింతేమీ కాదు. విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలు తరాలుగా వీణలు చేస్తున్నాయి. ఆ వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల మొదలై, ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడయ్యాక ఉత్తరాంధ్రలో సంగీతం నేర్చుకోవడం, నేర్పడం జమీందారీ కోటలు దాటి బయటికి వచ్చింది. ఇక కర్ర సంగతి: బొబ్బిలి వీణ పనసతో చేస్తారు. పనస గురించి పలాస, సోంపేట వైపు తోటల సీమ ఉద్దానం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాకపోతే మనకు పనస అంటే ముందు కాయ, పొట్టు కూర గుర్తొస్తాయి. దాని చేవలో స్వరం ఉంటుందని గుర్తుచేసేది ఈ వీణే.

ముందు ఏ వీణో తెలుసుకోవాలి. బొబ్బిలి పనితనానికి పెద్ద గుర్తు, నాదం పుట్టే గుండ్రటి కుండనూ, మెట్లుండే పొడవాటి దండినీ ఒకే పనస దుంగలోంచి తొలచడం. దాన్ని ఏకండి వీణ అంటారు. కుండ వేరుగా, దండి వేరుగా చేసి అతికించేవీ ఉన్నాయి, తంజావూరు వైపు అలాంటివి ఎక్కువ. తేడా తెలియాలంటే కుండ దండిగా మారే మెడ దగ్గర కర్ర చారలు చూడాలి. చారలు తెగకుండా సాగిపోతే ఒకే దుంగ. అక్కడ అలంకారానికి తెల్ల పట్టీ వేసి ఉంటే పైనుంచి తేలదు. కుండ మీది పలకకున్న రంధ్రాల దగ్గర సెల్‌ఫోన్ లైటు పట్టి లోపలికి చూస్తే మెడ దగ్గర అతుకు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. పనస కోసినప్పుడు పసుపు పచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు, తేనె రంగుకు తిరుగుతుంది. పాలిష్ తగలని లోపలి వైపు ఆ రంగు కనిపిస్తే పనసే. నల్లగా, ఎత్తితే చేతులు లాగేంత బరువుగా ఉంటే అది చండ్రో ఇరుగుడో అయ్యుంటుంది, మైసూరు వైపు ఇరుగుడుతో వీణలు చేసే అలవాటుంది.

వయసు తేల్చడం దీనికన్నా కష్టం. పేరు, సంవత్సరం రాసిన చీటీ అంటించే అలవాటు మన పనివాళ్లకు తక్కువ. అందుకని చిన్న చిన్న సాక్ష్యాలు కూడదీసుకోవాలి. తీగలు బిగించే బిరడలు కర్రవా, మరలవా? బుర్ర నిజమైన సొరకాయా, ఫైబరా? లోపలెక్కడైనా ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూ ఉందా? అమెరికాలో ఆ స్క్రూ 1930లలో గాని పుట్టలేదు, మన ఊళ్లకు ఇంకా ఆలస్యంగా వచ్చింది. అయితే ఒక్క స్క్రూ చూసి వీణ మొత్తం కొత్తదనుకోకూడదు, మధ్యలో ఎవరో బాగు చేయించి ఉండొచ్చు. నేనైతే ముందు మెట్లు చూస్తాను. తీగ ఒరుసుకున్న చోట లోహం మీద గాడి పడుతుంది. మొదటి పది పన్నెండు మెట్ల మీద గాళ్లు లోతుగా ఉండి, పై మెట్లు నునుపుగా ఉంటే ఆ వీణను ఎవరో చాలా ఏళ్లు కృతులు వాయించుకున్నారని అర్థం. గాళ్లు అసలు లేవంటే అది ఎక్కువ కాలం షోకేసులో ఉన్నదే.

ఇక్కడ చట్టం సంగతి ఒకటుంది. పాత వీణల మీద తెల్లని నగిషీ కొన్నిసార్లు ఏనుగు దంతం, కొన్నిసార్లు జింక కొమ్ము, తర్వాతి కాలం వాటిలో ప్లాస్టిక్. దంతాన్ని అడ్డంగా కోసిన చోట సన్నని గీతలు ఒకదాన్నొకటి ఖండిస్తూ కనిపిస్తాయి. ఎముకలో సూది మొనలంత నల్లని చుక్కలుంటాయి. ప్లాస్టిక్ దంతంలా కనిపించడానికి వేసిన గీతలు మరీ తిన్నగా, సమానంగా ఉంటాయి. దంతమైతే వారసత్వంగా వచ్చినా అమ్మడానికి వీల్లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ మన ఏనుగు దంతపు వ్యాపారాన్ని మూసేసింది, 1991లో ఆఫ్రికా దంతానికీ అదే గతి పట్టింది. జింక కొమ్ముకూ ఈ చట్టమే వర్తిస్తుంది. దంతపు పని ఉంది కాబట్టి ఎక్కువ ధర అనే మధ్యవర్తి మాట నమ్మి అడ్వాన్సు పుచ్చుకుంటే చిక్కుల్లో పడేది మీరే. అనుమానం ఉంటే ముందు అటవీ శాఖవారిని అడగడం మంచిది.

ధర అనగానే జనం పాత గిటార్ల కథలు చెబుతారు. అమెరికాలో 1950ల నాటి గిటార్లకు లక్షల డాలర్లు పలకడం నిజమే. వాటికి కంపెనీ పేరుంది, సీరియల్ నంబరుంది, కొనే పోటీదారులున్నారు. వీణకు ఆ బజారు లేదు. ఫలానా విద్వాంసుడు కచేరీల్లో వాయించినదని ఫొటోతో, ఉత్తరంతో రుజువుంటే తప్ప పాతదనే కారణానికి ఎవరూ ఎక్కువ ఇవ్వరు. లెక్క ఇలా వేసుకోవాలి: అదే కొలతలో కొత్త ఏకండి వీణ గొల్లపల్లిలో ఎంతవుతుందో కనుక్కోండి. మీ వీణను వాయించే స్థితికి తేవడానికయ్యే ఖర్చు అందులోంచి తీసేయండి. కుండ బీటలు లేకుండా, దండి వంగకుండా ఉంటే మిగిలింది మంచి ధరే. దండి వంగిందంటే చాలావరకు గోడకు తగిలించుకోవడానికే. మొదటి మెట్టుకు ముందు తీగలు ఆనే మేరువు నుంచి, పలక మీద తీగలను మోసే గుర్రం దాకా సన్నని దారం బిగించి పట్టుకుంటే వంపు ఇట్టే తెలుస్తుంది, దానికి నిపుణుడు అక్కర్లేదు.

వీణలో కొన్ని భాగాలు అరిగిపోవడానికే ఉన్నాయి. తీగలు, మైనం, మెట్లు, బిరడలు, చివరికి బుర్ర కూడా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, మార్చాలి కూడా. మార్చలేనిది కుండ, దండి, పై పలక. దశాబ్దాల పాటు ఎండి, తడి వదిలి, తేలికపడిన ఆ కర్రే పాత వీణ విలువ. మన వాళ్లు చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. మెట్లు ఊడిపోయాయని వీణను పారేస్తారు, లేదా మెట్ల సంగతి వదిలేసి కుండకు కొత్త పాలిష్ కొట్టిస్తారు.

మేళం కట్టే పని, అంటే మెట్లు అమర్చే పని చూస్తే ఈ వాద్యం తెలివి అర్థమవుతుంది. గిటారు మెట్లు కర్రలో గాడి తీసి దిగగొడతారు, ఒకసారి దిగితే అవి అక్కడే. వీణ మెట్లు మైనం మీద కూర్చుంటాయి. తేనెమైనంలో గుగ్గిలం, మసి కలిపి కరిగించి, దండి పొడవునా రెండు వైపులా నల్లని గట్లు పోస్తారు. ఆ రెండు గట్ల మీద అడ్డంగా 24 మెట్లు నిలబెడతారు. ఈ 24 మెట్ల అమరిక 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపడిందంటారు. అంతకుముందు మెట్లు రాగాన్ని బట్టి జరుపుకునేవారు. ఇప్పటికీ మేళం కట్టేవాడు మెట్లను జరుపుతూనే ఉంటాడు, అయితే రాగం కోసం కాదు, శ్రుతి కోసం. గోరువెచ్చని మైనం మీద మెట్టు పెట్టి, మొదటి వాయింపు తీగ అయిన సారణి మీటి, పక్కనుండే తాళం తీగల షడ్జమంతో కలిపి వింటాడు. వెంట్రుకవాసి ముందుకో వెనక్కో నెడతాడు. మళ్లీ మీటుతాడు. చెవి ఒప్పుకున్నాక బొటనవేలితో కిందికి నొక్కి, పక్క మెట్టు తీగకు తగలకుండా ఎత్తు సరిచూస్తాడు. ఒక మెట్టు వెంట్రుకంత ఎత్తయితే దాని కింది మెట్టు మీద వాయించినప్పుడు తీగ జీరపోతుంది. అందుకని ఇరవయ్యో మెట్టు దగ్గరికి వెళ్లాక కూడా వెనక్కి వచ్చి ఐదో మెట్టు సరిచేస్తుంటాడు.

దీంట్లో ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. మేరువు నుంచి గుర్రం దాకా తీగ పొడవు టేపుతో కొలవండి. సరిగ్గా సగంలో పన్నెండో మెట్టు ఉండాలి, తారస్థాయి షడ్జమం అక్కడే పలుకుతుంది. మేరువు నుంచి ముప్పాతిక దూరంలో 24వ మెట్టు. లెక్క బాగా తప్పిందంటే ఎవరో గుర్రాన్ని కదిపి మళ్లీ అతికించారన్నమాట. మెట్లన్నీ రాలిపోయినా భయం లేదు, ఆ లెక్కతో మళ్లీ నిలబెట్టొచ్చు. మైనం మీద కట్టడం వల్ల కలిగే లాభం ఇదే. నష్టమూ ఉంది. మే నెలలో పలాసలో రేకుల కింద వీణ పెడితే మైనం మెత్తబడి మెట్లు కుంగిపోతాయి. ఏళ్ల తరబడి వాడకపోతే అదే మైనం ఎండి పెళ్లలు ఊడుతుంది. వాయించే వీణకైనా కొన్నేళ్లకోసారి మేళం మార్చక తప్పదు.

గుర్రం మీది ఇత్తడి రేకు దగ్గర ఇంకొక సూక్ష్మం ఉంది. ఆ రేకు బల్లపరుపుగా ఉండదు, సన్నని వంపు ఉంటుంది. తీగ దాని మీద తేలీతేలనట్టు ఆనినప్పుడే వీణ గొంతులో ఆ సన్నని జీర, సాగే నాదం పుడతాయి. ఏళ్లు వాయించిన వీణ రేకులో తీగలు గాళ్లు పెట్టేస్తాయి. పాలిష్ చేసేవాడెవరైనా మెరుపు కోసం దాన్ని సానరాయితో రుద్దేస్తే వంపు పోతుంది, వీణ మొద్దుబారిపోతుంది. ఈ రేకు ముట్టుకునే పనివాణ్ని, ఇంతకుముందు ఎన్ని వీణల రేకులకు వంపు సరిచేసి జీవం తీశాడో అడగండి.

ఉద్దానం వీణలకు వయసుతో పాటు ఉప్పుగాలి, తుపాను కూడా తోడవుతాయి. ఉక్కు తీగలు సముద్రం దగ్గర త్వరగా తుప్పెక్కుతాయి, వాటి కోసం బాధపడక్కర్లేదు. నీళ్లు వేరే సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి, పనస చెట్లు కూలాయి, ఇళ్ల పెంకులూ రేకులూ లేచిపోయాయి. ఆ వానలో తడిసిన కర్ర వాద్యాలకు ముందు అతుకులే ఊడతాయి, ఎందుకంటే పాత వడ్రంగులు వాడింది పశువుల చర్మంతో కాచిన వజ్రం జిగురు. తడికి, వేడికి అది వదిలేస్తుంది. కానీ బాగుచేసేవాడికి ఆ బలహీనతే వరం. వేడినీళ్ల గుడ్డ పెట్టి అతుకును శుభ్రంగా విప్పి, లోపల చూసుకుని, మళ్లీ మూయొచ్చు. ఇంట్లో ఎవరైనా హుషారుగా రెండు గొట్టాల జిగురు కలిపి పూశారా, ఇక దాన్ని విప్పాలంటే కర్ర చీలాల్సిందే. తడిసిన వీణను ఎండలో పెట్టడం మరో పొరపాటు. పైభాగం ముందు ఎండి, లోపల తడి ఉండిపోయి కుండ పగులుతుంది. తీగలు వదులు చేసి, నీడలో, గాలి ఆడేచోట వారాల తరబడి ఆరనివ్వాలి. సన్నని బీటకు లోపలివైపు పనస చెక్కతోనే, చారలు కలిసేలా మాసిక వేస్తారు. టేకు మాసిక వేస్తే కర్ర తీరు వేరై మరో చోట బీట పుట్టొచ్చు.

వీణకన్నా ఈ ఊళ్లలో ఎక్కువ దొరికేవి హార్మోనియంలు. భజన మందిరాల్లో, పద్యనాటకాలు ఆడినవాళ్ల ఇళ్లలో ఉంటాయి, చాలావరకు కలకత్తా సరుకు. హౌరా–మద్రాసు లైను మీదున్న ఊళ్లకు కలకత్తా బజారు దగ్గరే కదా. వీణకు చెప్పిన లెక్క దీనికి తిరగబడుతుంది. హార్మోనియంలో పెట్టె, తోలు తిత్తి, బట్ట అన్నీ మార్చుకోవచ్చు, విలువంతా లోపలి ఇత్తడి రీడ్లలో ఉంటుంది. పాత జర్మన్, పారిస్ రీడ్లున్న పెట్టె చెదలు పట్టినా పారేయకూడదు. శ్రుతి తప్పిన రీడుకు కొస దగ్గర రవ్వంత గీకితే స్వరం పైకెక్కుతుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. ఎక్కువ గీకితే విరుగుతుంది. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దగ్గరికి రానివ్వలేదు, మన నాటకాల వాళ్లు మాత్రం ఆ ముప్పై ఏళ్లూ దాన్ని భుజాన మోస్తూనే ఉన్నారు.

వీణ సంగతికి వస్తే, బాగు చేయించదలిస్తే గొల్లపల్లి దాకా వెళ్లడమే దారి. పలాసలో రైలెక్కి విజయనగరంలో దిగి, రాయ్‌పూర్ వైపు వెళ్లే లైనులో బొబ్బిలి. తీగలు పూర్తిగా తీసేయకుండా వదులు చేయండి. మరచుట్టు ఉంటే బుర్ర విప్పి వేరేగా సర్దండి, అది అన్నిటికన్నా సులువుగా పగులుతుంది. కారులో వెళ్తే ఎండలో అద్దాలు మూసి వదలకండి, మిగిలిన మెట్లు కూడా మైనంలో మునిగిపోతాయి. వీణ ఎవరిది, ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరి దగ్గర నేర్చుకున్నారో పెద్దవాళ్లను అడిగి రాసి, ఆ కాగితం గవిసెనలో పెట్టండి, పాత ఫొటో ఉంటే దాని నకలుతో సహా. ఊడిన మెట్లు, విరిగిన బిరడలు కూడా మూటగట్టి పట్టుకెళ్లండి, పనివాడు కొలతలు వాటినుంచే తీసుకుంటాడు. "పాలిస్ కూడా ఎట్టీమంటారా బావూ" అని అడుగుతారు, మామూలుగా అందరూ కోరేది అదే కాబట్టి. వద్దనండి. మేళం, తీగలు, గుర్రం, అవసరమైతే బిరడలు, అంతవరకే చేసి ఇమ్మనండి.