ఆరుగురు పిల్లల సాక్ష్యం

నిద్రలో లేచి నడిచినవాణ్ణి పొద్దున్నే "ఏం కలొచ్చింది?" అని అడగడం మామూలే. 1965లో అమెరికా పరిశోధకులు అలాంటివాళ్ల తలకు తీగలు అతికించి పడుకోబెట్టి చూస్తే, ఆ నడక కలల నిద్రలో కాదు, గాఢనిద్రలోంచి మొదలవుతోందని తేలింది. మెదడులో కొంత భాగం లేస్తుంది, మిగతాది నిద్రలోనే ఉంటుంది. మరి ఆ కొంత భాగాన్ని లేపుతున్నదేమిటి?

ఈ ప్రశ్నను పట్టుకుని క్రిస్టియాన్ గిల్మినో, ఆయన సహచరులు 2003 జనవరిలో 'పీడియాట్రిక్స్' పత్రికలో ఒక వ్యాసం వేశారు. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన గిల్మినో, 1970లలో స్లీప్ ఆప్నియాను, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోతుండటాన్ని, ఒక జబ్బుగా గుర్తింపజేసినవాళ్లలో ముఖ్యుడు. ఆ వ్యాసంలో నాకు నచ్చింది ఫలితం కన్నా దాని అల్లిక.

యవ్వనం రాని 84 మంది పిల్లల్ని తీసుకున్నారు. 79 మందికి నిద్రలో నడక, నిద్రలో భయంతో కేకలు వేయడం రెండూ ఉన్నాయి, ఐదుగురికి కేకలు మాత్రమే. పోల్చడానికి 36 మంది ఆరోగ్యవంతులు. అందరికీ రాత్రంతా నిద్ర పరీక్ష చేశారు. నడకను పక్కన పెట్టి, నిద్రను చెడగొట్టేది ఇంకేమైనా ఉందా అని వెతికారు. 51 మందిలో దొరికింది. 49 మందికి ఊపిరి అడ్డుపడుతోంది, ఇద్దరికి కాళ్లు కదపకుండా ఉండలేని రెస్ట్‌లెస్ లెగ్స్.

గొంతు దారి ఇరుకైతే ఛాతీ మరింత బలంగా గాలిని లాగాలి. ఆ శ్రమకు మెదడు ఉలిక్కిపడి, దారి తెరవడానికి క్షణకాలం మేల్కొంటుంది. ఊపిరి పూర్తిగా ఆగనక్కర్లేదు. పిల్లల గాఢనిద్ర మరీ బరువైనది. వంశంలో నడక లక్షణం కూడా ఉంటే, ఆ అరకొర మెలకువే మంచం దిగి నడుస్తుంది.

49 మందిలో 43 మందికి ఆపరేషన్ చేసి టాన్సిల్స్, అడినాయిడ్స్ తీయడమో, ముక్కులోని అడ్డు సరిచేయడమో చేశారు. మూడు నాలుగు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే ఊపిరి సాఫీగా ఉంది. నడకా కేకలూ 43 మందిలోనూ పోయాయని తల్లిదండ్రులు చెప్పారు. మిగిలిన ఆరుగురికి ఆపరేషన్ చేయడానికి సర్జన్లు ఒప్పుకోలేదు. వాళ్లకు ఆ బాధలు పోలేదు. చికిత్స కావలసిన పిల్లలకు దాన్ని కావాలని ఆపి చూడటం ఏ పరిశోధకుడూ చేయకూడని పని. సర్జన్ల నిరాకరణ ఆ పోలికను పరిశోధకుల చేతికిచ్చింది.

ఇంతకన్నా ముచ్చటేసేది రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్న ఆ ఇద్దరి సంగతి. వాళ్ల గొంతు జోలికి ఎవరూ పోలేదు, కాళ్ల బాధకు మందిచ్చారు. వాళ్లకూ తగ్గింది. అంటే మహిమ టాన్సిల్స్ తీయడంలో లేదు, గాఢనిద్రను పదేపదే విరగ్గొట్టేదాన్ని తొలగించడంలో ఉంది. ఇద్దరే కదా అనవచ్చు. నిజమే, కానీ ఈ ఇద్దరు లేకపోతే వాదన గొంతు దగ్గరే ఆగిపోయేది.

లోపాలు లేవని కాదు. ఎవరికి చికిత్స అన్నది చీటీలు వేసి తేల్చలేదు. నడక ఆగిందని చెప్పినవాళ్లు ఆపరేషన్ జరిగిందని తెలిసిన తల్లిదండ్రులే. పిల్లలకు వయసుతోపాటు ఈ అలవాటు దానంతటదే పోతుందన్నదీ నిజం. అయినా 43 మందికీ కొద్ది నెలల్లోనే కాకతాళీయంగా పోయిందంటే నమ్మడం కష్టం. ఇక 84 మందిలో మరో 33 మందికి వేరే నిద్ర జబ్బేదీ దొరకలేదు. కొత్త కారణం చిక్కిన సంబరంలో ఆ పిల్లల్ని కూడా అందులోకి లాగలేదు.