నోరు విప్పడమే ఎదగడం

దారి తప్పినట్టు కనిపించే టీనేజర్ ఎదిగి వచ్చే కథ యంగ్ అడల్ట్ నవలకు ఆయువుపట్టు. సుమారు 12 నుంచి 18 ఏళ్ల పాఠకుల కోసం రాసే ఈ నవలలు అమెరికాలో 1960ల చివరి నుంచి ఒక ప్రత్యేక శాఖగా స్థిరపడ్డాయి. వేరు మాత్రం పాతదే. గోథే 1795-96లో వెలువరించిన ‘విల్‌హెల్మ్ మైస్టర్’ నాటి నుంచి యూరప్‌లో యువకుడి ఎదుగుదల నవలలు వస్తూనే ఉన్నాయి. వాటిలో నాయకుడు ఏళ్ల తరబడి తిరిగి, దెబ్బలు తిని, చివరికి లోకంలో తన చోటు వెతుక్కుంటాడు. యంగ్ అడల్ట్ నవలకు అంత వ్యవధి లేదు. కొన్ని రోజుల్లోనో, ఒక విద్యా సంవత్సరంలోనో కథ ముగుస్తుంది. ముగిసేనాటికి పాత్ర ఇంకా బడి ఈడులోనే ఉంటుంది. ఉద్యోగం, పెళ్లి, సంసారం ఏవీ తేలవు. కాబట్టి ఎదిగిందని చూపడానికి రచయితకు వేరే కొలత కావాలి. ఈ శాఖలో నిలిచిన నవలలను వరసగా చూస్తే ఆ కొలత దొరుకుతుంది: మొదట్లో నోటికి రాని సంగతిని పాత్ర చివరికి చెప్పగలిగిందా, లేదా?

అందుకే మొదటి మెలకువ, కథ ఎవరు, ఎప్పుడు చెబుతున్నారన్నది. ఈ నవలల్లో చాలావరకు ‘నేను’ అంటూ టీనేజరే చెబుతాడు. జె.డి. శాలింజర్ పెద్దల కోసం రాసినా కుర్రకారు సొంతం చేసుకున్న ‘ది క్యాచర్ ఇన్ ద రై’ (1951) ఇందుకు దారి వేసింది. హోల్డెన్ కాల్‌ఫీల్డ్ 16 ఏళ్లప్పుడు బడి నుంచి వెళ్లగొట్టించుకుని న్యూయార్క్‌లో తిరిగిన రోజుల గురించి 17వ ఏట, కాలిఫోర్నియాలో కోలుకుంటూ చెబుతాడు. జరిగినదానికీ చెప్పేదానికీ మధ్య కాస్త ఎడం ఉంటుంది. అది పెద్దదైతే కథలోకి పెద్దరికం చొరబడి నీతి మొదలవుతుంది. అసలు లేకపోతే తన గురించి తాను ఆలోచించుకునే తీరిక పాత్రకు ఉండదు.

ఎస్.ఇ. హింటన్ ‘ది ఔట్‌సైడర్స్’ (1967)లో చెప్పడమే కథకు ఇరుసు. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో హైస్కూల్లో చదువుతూ 15వ ఏట మొదలుపెట్టిన ఆ నవల అచ్చయ్యేనాటికి రచయిత్రికి 18 ఏళ్లు. కథకుడు పోనీబాయ్‌కి 14. తల్లిదండ్రులు కారు ప్రమాదంలో పోయారు. ఇద్దరన్నల నీడన బతుకుతున్నాడు. పేద పిల్లల ముఠాకీ డబ్బున్న పిల్లల ముఠాకీ మధ్య గొడవలో స్నేహితుడు జానీ అతణ్ణి కాపాడబోయి ఒకణ్ణి పొడిచి చంపుతాడు. తర్వాత జానీ, ముఠాలోని మరో మిత్రుడు డాలీ ఒకే రాత్రి చనిపోతారు. ఆ తర్వాతి అధ్యాయాలే నవలకు ప్రాణం. పోనీబాయ్ జానీ చావలేదంటాడు, హత్య చేసింది తనేనంటాడు. మార్కులు పడిపోతాయి. పగిలిన సీసా చేతబట్టి పొడుస్తానని బెదిరిస్తాడు; ఆ వెంటనే, ఎవరి కారు టైరో పంక్చరవుతుందేమోనని వంగి గాజుపెంకులు ఏరతాడు. మంచివాడని ఎవరూ చెప్పనక్కర్లేకుండా ఆ పెంకులు ఏరడమే చెబుతుంది. చివరికి ఇంగ్లిష్ మాస్టారు రాసుకురమ్మన్న వ్యాసం కోసం కలం పట్టుకుంటాడు. పాఠకుడు అప్పటిదాకా చదివిన నవలే ఆ వ్యాసం.

రెండో మెలకువ, గాయాన్ని ఎప్పుడు చూపాలన్నది. కారణం ముందే తెలిసిపోతే పాఠకుడికి జాలి కలుగుతుంది, కుతూహలం చచ్చిపోతుంది. లారీ హాల్స్ ఆండర్సన్ ‘స్పీక్’ (1999) తొలి పుటల్లో తొమ్మిదో తరగతిలో చేరిన మెలిండా కనిపిస్తుంది. వేసవిలో ఒక పార్టీకి పోలీసులను పిలిచిందని స్నేహితులు వెలివేశారు. పెదాలు కొరుక్కుంటుంది, క్లాసులు ఎగ్గొడుతుంది, బడిలో వాడకుండా వదిలేసిన చిన్న గదిలో దాక్కుంటుంది. ఆ పార్టీలో తనపై అత్యాచారం జరిగిందన్న మాట నవల సగం దాటాక గాని పూర్తిగా బయటపడదు. బడిలో మార్కులిచ్చే నాలుగు గడువులే నవలకు నాలుగు భాగాలు. మధ్యమధ్య ప్రోగ్రెస్ కార్డు. పెద్దలకు ఆ కార్డులో పడిపోయే మార్కులే కనిపిస్తాయి. వాటి వెనకున్న కారణం పాఠకుడి ఒక్కడికే మెల్లమెల్లగా తెలుస్తుంది. హోల్డెన్ విషయమూ అంతే. లోకమంతా నటనే అని ఈసడించే కుర్రాడిగా మొదట పరిచయమై, తమ్ముడు ఆలీ లుకేమియాతో పోయిన రాత్రి గ్యారేజీ అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టిన అన్నగా తర్వాత తెలుస్తాడు.

పెద్దల పాత్రలను తూచి వాడడం మూడో మెలకువ. తల్లిదండ్రులు అండగా ఉంటే టీనేజర్ సొంతంగా చేయడానికేమీ మిగలదు. అందుకే వాళ్లు చనిపోయో, దూరంగానో, తమ గొడవల్లో మునిగో ఉంటారు. ఆ ఖాళీలోకి ఒక్క పెద్ద మనిషి వస్తాడు, తరచుగా మాస్టారే. మెలిండాకు డ్రాయింగ్ మాస్టారు ఫ్రీమన్ ఏడాదంతా చెట్టు బొమ్మ మీదే పని చేయమంటాడు, ఏం జరిగిందని గుచ్చిగుచ్చి అడగడు. ఆ మనిషి సమస్య తీర్చేస్తే నవల నీరుగారుతుంది. తనపై అత్యాచారం చేసిన కుర్రాడు మళ్లీ మీదికొస్తే మెలిండా తానే ఎదిరిస్తుంది. ఆ తర్వాతే మాస్టారి ముందు నోరు విప్పుతుంది.

పాత్ర మాట్లాడే గొంతును పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం. కుర్రకారు వాడే మాటలు పోగేసి పేర్చితే నాలుగేళ్లకే పాతబడతాయి. హోల్డెన్ వాడే 1951 నాటి మాటలు చాలా మారిపోయాయి; తిట్టిన మనుషుల మీదే మళ్లీ బెంగ పెట్టుకునే అతని తీరు మాత్రం పాతబడలేదు. మెలిండా లోపల వెటకారంగా ధారాళంగా మాట్లాడుతుంది, పైకి రెండు మాటలు రావు. ఆ రెంటి మధ్య దూరం తగ్గుతూ రావడమే ఆమె ఎదుగుదల.

ఈ కొలత అన్నివేళలా ఊరట ఇవ్వదు. వాల్టర్ డీన్ మైయర్స్ ‘మాన్‌స్టర్’ (1999) యంగ్ అడల్ట్ పుస్తకాలకిచ్చే ప్రింట్జ్ అవార్డును 2000లో మొట్టమొదట అందుకుంది. దోపిడీలో జరిగిన హత్య కేసులో విచారణ ఎదుర్కొంటున్న హార్లెమ్ కుర్రాడు స్టీవ్ హార్మన్‌కు 16 ఏళ్లు. అతను తన కథను సినిమా స్క్రిప్టుగా, మధ్యమధ్య డైరీగా రాసుకుంటాడు. నిర్దోషి అని తీర్పు వచ్చాక ఆనందంతో చేతులు చాస్తే, అతని తరఫున వాదించిన లాయరే ముఖం తిప్పుకుంటుంది. ఆమె తనలో ఏం చూసిందో తెలియక, నెలలు గడిచినా అతను తనను తానే వీడియో తీసుకుంటూ వెతుకుతుంటాడు. చెప్పగలగడం దాకా వచ్చాడు, చెప్పింది నిజమో కాదో తేలలేదు. యంగ్ అడల్ట్ నవల నిజాయతీగా చేయగలిగింది అంతవరకే. కష్టాలన్నీ తీర్చి చూపే నవలను టీనేజ్ పాఠకుడు నమ్మడు. తన సంగతి తాను చెప్పుకోవడం మొదలుపెట్టిన పాత్రను నమ్ముతాడు, ఎందుకంటే ఆ వయసులో నిజంగా చేతిలో ఉన్న పని అదొక్కటే.