వేలిముద్ర, ఊరి ముద్ర

మన భాషలో ముద్ర అనే మాటకు రెండు వాడుకలున్నాయి. రేషన్ కొట్లో మా అవ్వ మిషన్ మీద వేసేది వేలిముద్ర. క్లాసులో ఒకసారి ‘ట్యూబ్‌లైట్’ అనిపించుకున్నవాడి మీద పడేది ఇంకో ముద్ర. మొదటిది పుట్టుకతో వస్తుంది, రెండోది పక్కవాళ్ళు వేస్తారు. ఈ రెండింటినీ కలిపి 130 ఏళ్ళ కిందట మార్క్ ట్వైన్ ఒక నవల రాశాడు. పేరు ‘పుడ్డిన్‌హెడ్ విల్సన్’, 1894లో పుస్తకంగా వచ్చింది. పుడ్డిన్‌హెడ్ అంటే మన మాటలో మట్టిబుర్ర. వేసవి సెలవుల్లో మా ఇంగ్లీషు సారు ఇస్తే డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను.

కథ జరిగేది అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున, మిస్సోరీ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్ళో. ఊరి పేరు డాసన్స్ లాండింగ్. అది ట్వైన్ కల్పించిన ఊరు. కాలం 1830. అప్పుడక్కడ మనుషుల్ని కొనడం, అమ్మడం చట్టమే ఒప్పుకున్న పని. ఆ ఊరికి డేవిడ్ విల్సన్ అనే పాతికేళ్ళ యువకుడు వస్తాడు. న్యాయశాస్త్రం చదివినవాడు, ప్లీడరుగా స్థిరపడదామని ఆశ. వచ్చిన మొదటి రోజే ఎక్కడో కనపడని కుక్క ఒకటి మొరిగి మొరిగి చంపుతూంటే, ఆ కుక్కలో తనకు సగం వాటా ఉంటే తన వాటాను చంపేసి ఉందునని ఒక జోకు వేస్తాడు. ఎవరూ నవ్వరు. సగం చస్తే మిగతా సగం గతి ఏమిటని పెద్దమనుషులు కూర్చుని గంభీరంగా చర్చిస్తారు! పరమానందయ్య శిష్యులు గుర్తొచ్చి నేను పడి పడి నవ్వాను. ఆ చర్చ ముగిసేసరికి విల్సన్‌కు మట్టిబుర్ర అనే పేరు పడిపోయింది. ఇరవై ఏళ్ళు దాటినా అది వదల్లేదు. మట్టిబుర్రకు కేసు ఎవరిస్తారు? భూములు కొలుస్తూ, లెక్కలు రాస్తూ బతికాడు పాపం.

అతనికొక వింత అలవాటు. కనిపించిన వాళ్ళనల్లా జుట్టులో ఒకసారి వేళ్ళు పోనిచ్చి, ఆ జిడ్డు వేళ్ళను గాజు పలక మీద ఒత్తమంటాడు. దాని మీద పేరు, తేదీ రాసి దాచుకుంటాడు. ఊరి దృష్టిలో అది పిచ్చికి ఇంకో రుజువు.

కానీ నవలకు ప్రాణం విల్సన్ కాదు, రాక్సీ. ఆమె ఇరవై ఏళ్ళ బానిస. చూస్తే తెల్లమనిషే. ఆమె వంశంలో పదహారు వంతుల్లో ఒక్క వంతు నల్ల రక్తం ఉంది, చట్టానికి అది చాలు. ఆమె కొడుక్కి ముప్పై రెండులో ఒక్క వంతు. అయినా తల్లి బానిస కాబట్టి బిడ్డా బానిసే. అదే రోజు యజమాని ఇంట్లోనూ ఒక కొడుకు పుడతాడు. వారం తిరక్కుండానే ఆ తల్లి చనిపోతుంది, ఇద్దర్నీ రాక్సీయే పెంచుతుంది. ఇద్దరూ ఒకేలా ఉంటారు. ఎవరు దొరబిడ్డో, ఎవరు బానిసబిడ్డో తెలిసేది తొడిగిన బట్టలను బట్టే.

ఒకనాడు ఇంట్లో కొంచెం డబ్బు పోతుంది. దొంగ ఎవరో చెప్పకపోతే అందర్నీ నది దిగువకు అమ్మేస్తానని యజమాని బెదిరిస్తాడు. నది దిగువ అంటే దక్షిణాది తోటలు, చాకిరీతో మనిషిని అరగదీసే చోటు. రాక్సీ తప్పేమీ లేదు. అయినా ఈ రోజు తప్పినా రేపు తన బిడ్డకు ఆ గతి పట్టవచ్చని ఆమెకు భయం పుడుతుంది. బిడ్డతో సహా నదిలో దూకాలనుకుంటుంది. చనిపోయేముందు బిడ్డ ముచ్చటగా కనపడాలని దొరబిడ్డ గౌను తొడిగి చూస్తుంది. అప్పుడు తట్టుతుంది ఆ ఆలోచన. బట్టలు మార్చి, ఇద్దరినీ ఒకరి చోట ఒకరిని పడుకోబెడుతుంది. కన్నతండ్రి కూడా పోల్చుకోలేకపోతాడు.

రెండోసారి చదివినప్పుడు ఇక్కడ నాకొక సంగతి తోచింది. సగం కుక్క అనే మాట ఈ ఊరికి అర్థం కాలేదు. మరి పదహారో వంతు మనిషి ఎలా అర్థమైంది? కుక్కను వాటాలు వేయలేమని తెలిసినవాళ్ళే మనిషి రక్తాన్ని వాటాలు వేసి లెక్క రాసుకున్నారు. ట్వైన్ ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చెప్పడు. మొదటి జోకు అక్కడ, రాక్సీ లెక్క ఇక్కడ పెట్టి ఊరుకుంటాడు. మట్టిబుర్ర ఎవరిదో మనమే తేల్చుకోవాలి. ఈ నవలలో నాకు బాగా నచ్చింది ఇదే.

దొరబాబుగా పెరిగిన రాక్సీ కొడుకు టామ్ జూదగాడవుతాడు, దొంగవుతాడు. కన్నతల్లినే మోసం చేసి నది దిగువకు అమ్ముతాడు. చివరికి తనను పెంచుకున్న జడ్జిని చంపుతాడు. ఆ హత్య ఇటలీ నుంచి వచ్చిన కవల సోదరుల మీద పడుతుంది. హత్యకు వాడిన కత్తి, కథ ప్రకారం, బరోడా గాయక్వాడ్ వాళ్ళలో ఒకరికి బహుమతిగా ఇచ్చింది. మన దేశం పేరు అక్కడ కనపడగానే నాకు సంతోషం వేసింది. కవలల తరఫున వాదించిన విల్సన్ కత్తి పిడి మీది నెత్తుటి ముద్రలు టామ్‌వేనని నిరూపిస్తాడు. పసితనంలో తీసిన గాజు పలకలు చూపించి, ఉయ్యాలలోనే బిడ్డలు మారిపోయారనీ తేలుస్తాడు.

నిజం తేలింది. తర్వాత? టామ్‌కు యావజ్జీవ శిక్ష పడుతుంది. కానీ అతను తమకు రావలసిన ఆస్తి అని పాత అప్పులవాళ్ళు దావాకు వస్తారు. గవర్నరు క్షమాభిక్ష పెడతాడు, నది దిగువకు అమ్మేస్తారు. అసలు వారసుడికి ఆస్తి వస్తుంది, స్వేచ్ఛ వస్తుంది. కానీ అతనికి చదువు లేదు, మాట బానిసల గుడిసెల్లోది. దొరల హాల్లో ఇమడలేడు. చర్చిలో ఇన్నాళ్ళూ కూర్చున్న చోటుకు ఇక వెళ్ళనివ్వరు. విల్సన్‌కు మాత్రం జేజేలు. అతని విషయంలో తామే మట్టిబుర్రలమని ఊరు ఒప్పుకుంటుంది. రాక్సీ విషయంలో ఒప్పుకోదు.

ఈ నవలలో లోపాలూ ఉన్నాయి. ట్వైన్ మొదట కవలల మీద హాస్యకథగా మొదలుపెట్టి దారి మార్చాడు. అందుకే ఆ కవలలు ఇందులో అతుకులా కనిపిస్తారు. అసలు వారసుడి గోడు చివర్లో కొన్ని వాక్యాల్లో ముగిసిపోతుంది. టామ్ చెడ్డతనానికి అతనిలోని నల్ల రక్తమే కారణమని రాక్సీ కూడా తిడుతుంది. తొందరగా చదివితే రచయిత అభిప్రాయం అదేనని పొరబడే ప్రమాదముంది. కానీ గారాబం, అధికారం టామ్‌ను ఎలా పాడుచేశాయో ట్వైన్ ముందే చూపించాడు. ఊరు వేసిన ముద్రను రాక్సీ కూడా నమ్మేసిందన్నదే అక్కడి విషాదం. ఇక విల్సన్ మీద నాకు కోపమే వచ్చింది. అన్ని వేళ్ళు చూసినవాడు, మనిషిని అమ్మడం ఏమిటని ఒక్కసారైనా అడగలేదు.

మా బాధలకూ బానిసత్వానికీ పోలిక లేదు, నాకు తెలుసు. కానీ ముద్ర అంటే ఏమిటో మా ఊరి తెలుగుపిల్లలకు కొంచెం తెలుసు. ఇక్కడ బస్సులో మాట్లాడితే ‘గొల్టి’ అంటారు. చిత్తూరులో చుట్టాల పెళ్ళికి పోతే, నోరు విప్పగానే ‘అరవపిల్ల వచ్చింది’ అని నవ్వుతారు. అంత తెలిసిన నేనే, ఆరో తరగతిలో కొత్తగా చేరిన అబ్బాయి ఒక జోకు ఆలస్యంగా అర్థం చేసుకున్నాడని ‘ట్యూబ్‌లైట్’ అని పేరు పెట్టాను. నాలుగేళ్ళయింది. మొన్న లెక్కల్లో అతనికి అందరికన్నా ఎక్కువ మార్కులొస్తే ‘ట్యూబ్‌లైట్ కాపీ కొట్టినాడు’ అన్నారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. ఈ పుస్తకం చదివాక ఆ నవ్వు గొంతులో అడ్డం పడింది.

పోయిన నెల రేషన్ కొట్లో మా అవ్వ వేలు మిషన్‌కు పడలేదు. “కూలిపని చేసి చేసి నా యేలు అరిగిపోయినాది పాపా” అంది. పుట్టుకతో వచ్చిన ముద్రే అరిగిపోతూంటే, నేను పెట్టిన పేరు మాత్రం ఇంకా అరగలేదు. బడి తెరిచిన రోజు ఆ అబ్బాయిని అసలు పేరుతో పిలిచాను. ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

ఈ నవల మన లైబ్రరీలో ఉంది. మీరూ చదవండి.

(పదో తరగతి విద్యార్థిని)