విస్తరిలో మిగిలినది: పీఠిక

అన్నదాతను దైవసమానంగా అర్చించిన జాతి మనది. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో, వేళ కాని వేళ వచ్చిన బాటసారికి సైతం విస్తరి వేసి, 1909లో పరమపదించిన డొక్కా సీతమ్మగారి నామధేయం నేటికీ ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి శిరోభూషణమై వెలుగుతున్నది. ఆ సంస్కారంలో పెరిగిన ఇళ్లలో పెద్దల భోజనానికి ఒక మర్యాద ఉండేది. తాతగారు పీట మీద కూర్చున్నారంటే, ఆయనకు వంకాయ పడదనీ, చారులో మిరియం ఘాటు కాస్త హెచ్చితేనే నాలుకకు రుచి తగులుతుందనీ, రెండు రోజులుగా పెరుగన్నం సగంలోనే చేయి కడుగుతున్నారనీ ఎరిగిన గృహిణి ఎదుట నిలిచి, మాటలలో పెట్టి, మరొక ముద్ద తినిపించేది. ఆ ఎరుక ఏ గ్రంథంలోనూ లిఖితం కాలేదు. అత్తగారి నుండి కోడలికి, చూపు ద్వారానే సంక్రమించింది.

నేడు ఆ తాతగారే నూరుమంది సమవయస్కులతో కలిసి ఒక వృద్ధ నివాస సముదాయపు భోజనశాలలో కూర్చుంటున్నారు. సంతానం దేశాంతరాలలో ఉన్నది. వంటవాడు నిరుడు చేరినవాడు. వడ్డించే అమ్మాయి పేర్లు గుర్తుపట్టేలోగానే మరొక ఉద్యోగానికి వెళ్లిపోతుంది. ఇందులో ఎవరినీ నిందించవలసిన పని లేదు. ఒక తల్లి నలుగురి విషయంలో జ్ఞాపకం ఉంచుకోగలిగిన దానిని ఒక వంటశాల నూరుగురి విషయంలో, అదీ మందులతో, పథ్యాలతో, వ్యాధులతో కలిపి, జ్ఞాపకం ఉంచుకోవడం మానవసాధ్యం కాదు. ఈ అసాధ్యాన్ని సాధ్యం చేయడానికి సాంకేతిక సాధనాలను ఏ మేరకు, ఏ వివేకంతో వినియోగించాలో తెలుగులో సాకల్యంగా వివరించిన గ్రంథమిది. గ్రంథకర్త్రి నా వద్ద ఆహారశాస్త్రం అభ్యసించిన విద్యార్థిని. తదనంతరం చిరకాలం వృద్ధాశ్రమాల వంటశాలలలో డైటీషియన్‌గా నిలబడి పనిచేసిన పరిశ్రమశీలి. ఆమె వాక్యాలకు పొగ వాసన, పోపు వాసన ఉన్నాయి. అందుకే ఈ పీఠిక వ్రాయడానికి సంతోషంగా అంగీకరించాను.

గ్రంథానికి ప్రాణభూతమైన ప్రతిపాదన ఒక్కటే. ఎంత వండారు, ఎంత వడ్డించారు అన్న లెక్కలు నిర్వాహకులకు సంబంధించినవి. పెద్దల ఆరోగ్యానికి సంబంధించినది, వారు ఎంత తిన్నారు అన్నది. ఆ లెక్క చెప్పేది తిరిగి వచ్చిన కంచం. సాధారణంగా వడ్డనవారు కంచం వంక చూసి, సగం తిన్నారనో, ముప్పాతిక తిన్నారనో అంచనాగా వ్రాస్తారు. ఆ అంచనా ఎంత తప్పవచ్చునో గుర్తించిన కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కంచాన్ని భోజనానికి ముందూ వెనుకా ఛాయాచిత్రం తీసి, ఎంత తగ్గిందో, దానితోపాటు ఏయే పోషకాలు లోపలికి వెళ్లాయో యంత్రమే గణించే పద్ధతిని 2022లో ప్రకటించారు. మెత్తగా రుబ్బిన ఆహారానికి సైతం అది వర్తిస్తుందన్నది విశేషం. మన గ్రంథకర్త్రి అంత దూరం వెళ్లలేని సంస్థలకు సులభోపాయం చూపింది: ఒక డిజిటల్ తూనిక, ఒక ఫోను, ప్రతి వ్యక్తికీ ఒక పుట ఉన్న ట్యాబ్. ఒక వృద్ధురాలు ఉదయం ఉప్మా పూర్తిగా తిని, రాత్రి చపాతీ మాత్రం వరుసగా వదిలివేస్తున్నట్లు ఆ పుటలో కనిపించింది. ఆమెను అడిగితే ఆకలి లేదన్నది. వైద్యులు చూస్తే కట్టుడు పళ్లు వదులైనాయి. బిడియపడే పెద్దలు నోటితో చెప్పని మాట కంచం చెప్పింది. ఒక నెలలో శరీరభారంలో నూటికి 5 వంతులు, ఆరు నెలలలో 10 వంతులు తగ్గడం ప్రమాదసూచకమని పోషకాహారవేత్తలు పరిగణిస్తారు. కంచం లెక్క ఉన్నచోట, బరువు తగ్గకముందే మేలుకొనే అవకాశం ఉంటుంది.

మింగడంలో కలిగే ఇబ్బందిని గురించిన ప్రకరణం ఈ గ్రంథానికి మకుటాయమానం. ఎవరికైనా పొలమారితే నెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారని చెప్పడం మన ఇళ్లలో ఆచారం. పక్షవాతం వచ్చినవారికి, పార్కిన్‌సన్స్ వ్యాధి ముదిరినవారికి, మతిమరుపు వ్యాధి పాలైనవారికి తరచుగా పొలమారుతున్నదంటే, అన్నమో నీరో శ్వాసనాళంలోకి జారి న్యుమోనియాకు దారితీయవచ్చునని శంకించాలి. 2013లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఆరంభించిన ఐడీడీఎస్ఐ అనే ప్రయత్నం, ద్రవాహారాలను, ఘనాహారాలను 0 నుండి 7 వరకు ఎనిమిది స్థాయిలుగా వర్గీకరించింది. పరీక్ష ఎంతో సరళం. నిర్ణీత కొలత గల 10 మిల్లీలీటర్ల సిరంజిలో పానీయం నింపి, పది సెకన్లు కారనిచ్చి చూస్తే, 1 మిల్లీలీటరు కన్న తక్కువ మిగిలినది పలుచన, 1 నుండి 4 వరకు మిగిలితే ఒకటవ స్థాయి, 4 నుండి 8 వరకు రెండవది, 8 దాటితే మూడవది. బొట్టు కూడా కారకుంటే నాల్గవది. ఈ కొలతలను పరదేశపు సూపుల నుండి విడదీసి మన జావకు, మజ్జిగకు, చారుకు అన్వయించడంలో గ్రంథకర్త్రి చూపిన ఓర్పు శ్లాఘనీయం. వంటశాలలో సరిగా ఉన్న రాగిజావ, మంచం దగ్గరకు చేరేసరికి చల్లారి చిక్కబడి మరొక స్థాయికి మారుతుందనీ, కనుక తాగించే వేడిలోనే పరీక్షించాలనీ ఆమె వ్రాసింది. చారన్నంలో పలుచని ద్రవమూ మెతుకూ కలిసి ఉండడం వల్ల మింగలేనివారికి అది మిక్కిలి కష్టమనీ, పొడిపొడిగా విడివడే పులిహోర అంతకన్నా తక్కువేమీ కాదనీ ఆమె చెప్పినప్పుడు, మనం మెత్తని పథ్యంగా భావించి ప్రేమతో పెట్టేది ఎంత విచారించి పెట్టాలో బోధపడుతుంది.

ఆహార పథకాల సాఫ్ట్‌వేర్‌ను గురించి ఆమె చేసిన హెచ్చరికతో నేను సంపూర్ణంగా ఏకీభవిస్తాను. విదేశీయ ఆహార పట్టికలను గర్భంలో దాచుకున్న సాఫ్ట్‌వేర్‌కు గోంగూర, తోటకూర పులుసు అన్నవి అపరిచితాలు. మనకు వేరే దిక్కు వెదకవలసిన పని లేదు. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకై ఒక చిన్న గదిలో మెకారిసన్ మహాశయుడు నాటిన విత్తనం, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థగా వటవృక్షమైనది. ఆ సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలలో 528 పదార్థాల విశ్లేషణ ఉన్నది. ఏ సాఫ్ట్‌వేరైనా ఆ పునాది మీద నిలబడాలన్నది గ్రంథకర్త్రి పట్టుదల. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే పెద్దమనిషికి ఆకుకూర నిషిద్ధం కాదు. ఒక వారం బొత్తిగా లేకుండా, మరొక వారం రోజూ పెట్టడంలోనే చిక్కు ఉన్నది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి కొబ్బరినీళ్లలోని పొటాషియం ప్రమాదం కావచ్చు. ఇటువంటివి వడ్డించేవారికి వడ్డించే క్షణంలోనే ట్యాబ్‌పై ఎదురుగా కనిపించాలి. ఆఫీసు బీరువాలోని ఫైలులో ఉంటే ప్రయోజనం శూన్యం.

ఏమి పెట్టాలన్నదే కాక, ఎప్పుడు, ఎట్లా పెట్టాలన్నదీ ముఖ్యమే. అమెరికాలోని నర్సింగ్ హోములకు సంబంధించిన కేంద్ర నిబంధన, రాత్రి భోజనానికీ మర్నాటి ఫలహారానికీ మధ్య సాధారణంగా 14 గంటలు మించరాదంటుంది. మన ఆశ్రమాల నిర్వాహకులు ఒకసారి తమ గడియారం చూసుకొనడం మంచిది. అల్జైమర్స్ ముదిరినవారికి ఎర్రని పాత్రలలో పెడితే ఆహారం స్పష్టంగా కనిపించి, తినేదీ తాగేదీ పెరిగిందని బోస్టన్ పరిశోధకులు 2004లో నిరూపించిన సంగతిని కూడా ఆమె విడువలేదు. తెల్లని కంచంలో తెల్లని పెరుగన్నం వడ్డించే మనకు అది వెంటనే పనికివచ్చే మాట. పళ్లేలు మోసే రోబోలను గురించి ఆమె వ్రాసినది కొద్దిగానే అయినా యుక్తంగా ఉన్నది: ఎంగిలి కంచాలు అవి మోయాలి, అందువల్ల మిగిలిన సమయంలో వడ్డించే మనిషి పెద్దల ప్రక్కన నిలవాలి.

భోజనశాలలో కెమెరా పెట్టే ముందు పెద్దల అంగీకారం ఎట్లా తీసుకోవాలన్న విషయం మాత్రం ఈ గ్రంథంలో ఇంకా విస్తరించవలసి ఉన్నది. తినే మనిషికి తనను చూస్తున్నారన్న సంకోచం కలిగితే ముద్ద దిగదు. ఏకాదశి ఉపవాసం మానని, ఇన్సులిన్ వాడే పెద్దల విషయం ఒక పేరాతో ముగియదగినది కాదు. ద్వితీయ ముద్రణలో ఈ రెంటికీ వేర్వేరు ప్రకరణాలు కల్పించవలసిందని కోరుతున్నాను.

ఈ గ్రంథం ఖరీదైన నివాసాలకే ఉద్దిష్టమని ఎవరూ అనుకోరాదు. నిరాధారులైన వృద్ధులు కనీసం 150 మందికి ఆశ్రయమిచ్చే నివాసాన్ని ప్రతి జిల్లాలోనూ నెలకొల్పే విషయం 2007 నాటి చట్టంలోనే ఉన్నది. సిరంజి, తూనిక, థర్మామీటరు అక్కడికీ అందే వస్తువులే. అటువంటి నివాసాల వార్డెన్లు, వంటమేస్త్రీలు మింగుడు ప్రకరణంతో పఠనం ఆరంభించి, అందులోని స్థాయిల పట్టికను నకలు తీయించి పొయ్యి ఎదుటి గోడకు అంటించుకోవలసిందిగా సూచిస్తున్నాను. గ్రంథకర్త్రికి ఆయురారోగ్యాలు, ఈ కృషిని కొనసాగించే శిష్యసంపద సమకూరాలని నా హృదయపూర్వక ఆశీస్సులు.